విదేశంలో మనవాళ్ల ఇంట్లో పనికి వెళ్లే మహిళలకు మార్గదర్శి: ఒప్పందం నుంచి బకాయిల వసూలు దాకా

కువైట్, దుబాయ్, మస్కట్, అమెరికా, బ్రిటన్‌లలోని తెలుగు కుటుంబాల ఇళ్లకు వంటపనికి, పిల్లలను చూసుకోవడానికి, వృద్ధుల సేవకు వెళ్లిన మహిళల బంధువులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: “తీసుకెళ్లింది మనవాళ్లే. జీతం పంపడం లేదు, ఫోను ఇవ్వడం లేదు. ఎవరిని అడగాలి?” పనికి వెళ్లబోయేవారి కోసం, ఇప్పటికే వెళ్లి ఇబ్బంది పడుతున్నవారి కోసం, ఊళ్లో ఉండి వారికి అండగా నిలవవలసిన కుటుంబ సభ్యుల కోసం ఈ వివరాలను వరుసగా రాస్తున్నాను. వెళ్లే మనిషికి చదవడం రాకపోతే ఇంట్లో ఎవరైనా దీన్ని మొత్తం చదివి వినిపించాలి.

1. మనవాళ్ల ఇల్లయితే జాగ్రత్త ఎందుకు పెరగాలి

పరాయి యజమానికి పట్టు తన ఇంటి తలుపు వరకే ఉంటుంది. మనవాళ్ల పట్టు ఊళ్లోని మీ గుమ్మం దాకా వస్తుంది. యజమాని తల్లిదండ్రులు మీ వీధిలోనే ఉండవచ్చు, మీ భర్త వారి పొలమే కౌలుకు చేస్తుండవచ్చు, కూతురి పెళ్లికి అప్పు ఇచ్చినది కూడా వారే కావచ్చు. జీతం అడిగితే ఆ అప్పు గుర్తు చేస్తారు. బయటికి వెళ్తానంటే ఊళ్లో పరువు తీస్తామంటారు.

రెండో చిక్కు భాష. మీకు తెలుగు తప్ప మరో భాష రాకపోతే డాక్టరుతో, బ్యాంకుతో, పోలీసులతో మీ తరఫున మాట్లాడేది యజమానే అవుతాడు. మీరు చెప్పింది అతను ఎలా చెప్పాడో మీకు తెలియదు. అందువల్ల యజమాని నోటి మీద ఆధారపడకుండా మీ మాట బయటికి చేరే దారులను వెళ్లకముందే సిద్ధం చేసుకోవాలి. కింద చెప్పే పనుల్లో చాలావరకు అందుకోసమే.

2. ముందుగా వీసా సంగతి తేల్చుకోండి

అమ్మాయి ప్రసవానికి తోడుగా రమ్మని, ఆరు నెలలు ఉండి వెళ్లమని చెప్పి, విజిట్ వీసాపై “మా పిన్ని” అని తీసుకెళ్లడం చాలా ఎక్కువగా జరిగే మోసం. విజిట్ వీసాపై పని చేయడం ఎమిరేట్స్‌లోనూ (దుబాయ్, అబుదాబీ ఉన్న దేశం), కువైట్‌లోనూ, అమెరికాలోనూ చట్టవిరుద్ధం. గడువు దాటిన మరునాటి నుంచి “పోలీసులకు చెబితే నిన్నే పట్టుకుంటారు” అనే బెదిరింపు మొదలవుతుంది.

గల్ఫ్‌కు వెళ్లేవారు మొదట పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ తనిఖీ అవసరం) అనే ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. పదో తరగతి పాస్ కాని వారికి సాధారణంగా ఆ ముద్ర ఉంటుంది. అటువంటి పాస్‌పోర్టుతో కువైట్, సౌదీ, ఎమిరేట్స్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే విదేశాంగ శాఖ వెబ్‌సైట్ ద్వారా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. మహిళలకైతే కనీసం 30 ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి ఈ మహిళలను ఇంటిపనికి ప్రైవేటు ఏజెంట్లు పంపడం కుదరదు, ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అటువంటి ప్రభుత్వ సంస్థలు. యజమాని బంధువైనా, ఊరివాడైనా ఈ నియమం నుంచి మినహాయింపు లేదు. విమానాశ్రయంలో “సెట్టింగ్” ఉందని, విజిట్ వీసాతో దాటిస్తామని ఎవరు చెప్పినా అక్కడే ఆగిపోండి.

అమెరికాకు తీసుకెళ్తామంటే ఏ వీసా అని సూటిగా అడగండి. అక్కడ తాత్కాలిక వీసాపై ఉన్న కొందరు ఉద్యోగులు తమ పనిమనిషిని బీ-1 వీసాపై తీసుకెళ్లవచ్చు, కానీ దానికి లిఖిత ఒప్పందం ఉండాలి, మీ ఇంటర్వ్యూ మీరే ఇవ్వాలి, ఆ సమయంలో మీ హక్కులు తెలిపే చిన్న పుస్తకం ఇస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. బ్రిటన్‌కు ఇంటిపనివారి వీసా ఆరు నెలలకే ఇస్తారు, దానికి ముందు అదే యజమాని దగ్గర ఏడాది పనిచేసి ఉండాలి.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:
- వీసా మీద ఉన్న రకం ఏమిటి, గడువు ఎంత అనేది యజమాని మనిషి కాకుండా వేరెవరైనా చదివి చెప్పారా?
- వీసాలో స్పాన్సర్ పేరు, మీరు పనిచేయబోయే ఇంటి యజమాని పేరు ఒకటేనా? “ఆజాద్ వీసా” అంటే స్పాన్సర్ ఒకరు, పని మరొకరి దగ్గర. దానికి చట్టబద్ధత లేదు.
- అధికారులు అడిగితే అబద్ధం చెప్పమని ఎవరైనా నేర్పారా? నేర్పినట్లయితే ఆ ప్రయాణం మానుకోండి.

3. ఒప్పందాన్ని ఇలా రాయించుకోండి

“మనలో మనకు కాగితాలేమిటమ్మా, నువ్వు మా ఇంటి మనిషివి” అనే మాట విన్న చోట మరింత గట్టిగా కాగితం అడగాలి. బ్రిటన్‌లో ఇంటి మనిషిలా చూసుకుంటున్నామని చెప్పి కనీస వేతనం ఎగ్గొట్టడానికి వీలు కల్పించిన మినహాయింపు ఒకటి ఏళ్ల తరబడి ఉండేది. దానిని 2024 ఏప్రిల్ 1న పూర్తిగా తొలగించారు. ఆప్యాయతకు, వేతనానికి సంబంధం లేదని అక్కడి చట్టమే తేల్చింది.

అడగడానికి మొహమాటపడితే ఈ మాట వాడవచ్చు: “మీ మీద నమ్మకం లేక కాదండీ, ఇంట్లో పిల్లలు కాగితం చూడనిదే పంపమంటున్నారు.” నిజంగా మంచి యజమాని దీనికి నొచ్చుకోడు.

ఒప్పందంలో తప్పక ఉండవలసినవి:
- నెల జీతం ఎంత, ఏ దేశపు డబ్బులో, ఏ తేదీలోగా, ఎవరి ఖాతాలో.
- పని ఏమిటి: వంట, శుభ్రత, పిల్లలు, వృద్ధులు. ఎంతమంది, ఎన్ని గదులు.
- పని గంటలు, రాత్రి నిద్ర, వారానికి ఒక రోజు సెలవు. పసిబిడ్డ ఉన్న ఇల్లయితే రాత్రిపూట ఎవరు లేస్తారనేది కూడా.
- పడుకునే చోటు, భోజనం, వైద్యం ఖర్చు, రానుపోను టికెట్టు.
- పాస్‌పోర్టు, ఫోను మీ దగ్గరే ఉంటాయన్న వాక్యం.
- స్నేహితుల ఇళ్లకు, ఫంక్షన్లకు, వారి వ్యాపారానికి పనికి పంపబోమన్న వాక్యం.
- పని మానాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి.

చట్టం ఇచ్చిన కనీస హక్కులు తెలిస్తే బేరం సులువవుతుంది. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల చొప్పున అదనపు మొత్తం చెల్లించాలి. అక్కడ ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనం 60 దినార్లు. ఎమిరేట్స్‌లో 2022 డిసెంబరు 15 నుంచి అమలులో ఉన్న చట్టం రోజుకు 12 గంటల విశ్రాంతిని, అందులో వరుసగా 8 గంటలను తప్పనిసరి చేసింది, పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలని చెప్పింది. ఈ చట్టాలు యజమాని అరబ్బా, తెలుగువాడా అని చూడవు.

తరచుగా జరిగే పొరపాటు రెండు కాగితాలకు ఒప్పుకోవడం. వీసా కోసం ఎక్కువ జీతంతో ఒకటి, “మన మధ్య” తక్కువ జీతంతో ఇంకొకటి. 2013లో న్యూయార్క్‌లో ఒక భారత దౌత్యాధికారిపై నమోదైన కేసులో ప్రధాన ఆరోపణ ఇదే: వీసా కోసం చూపిన ఒప్పందంలో గంటకు 9.75 డాలర్లు, విడిగా రాసుకున్న దానిలో నెలకు 30,000 రూపాయలు. మీకు అటువంటి రెండో కాగితం ఇస్తే సంతకం చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే రెండింటి ఫొటోలూ దాచుకోండి, ఫిర్యాదు చేసే రోజున అవే బలమైన సాక్ష్యాలు అవుతాయి.

4. జీతం, అడ్వాన్సు విషయంలో

“జీతం ఇక్కడ మా నాన్నగారు మీ ఇంటికి తెచ్చిస్తారు” అనే పద్ధతికి ఒప్పుకోవద్దు. అందులో ఆధారం ఉండదు, ఎవరికి ఎంత ముట్టిందో తరువాత తేలదు, ఒక నెల ఆగినా మీకు తెలిసేసరికి మూడు నెలలు అవుతుంది. మీ పేరు మీదనే ఖాతా తెరిచి, పాస్‌బుక్, ఏటీఎం కార్డు మీరు నమ్మే ఒక్కరి దగ్గర ఉంచండి. ప్రతి నెలా జీతం బ్యాంకు బదిలీగానే రావాలని ఒప్పందంలో రాయించండి. తప్పనిసరై నగదు తీసుకుంటే తేదీ, మొత్తం రాసి యజమానికి వాట్సాప్‌లో “ఈ రోజు ఇంత ముట్టింది” అని పంపండి.

అడ్వాన్సు తీసుకోకుండా ఉండగలిగితే అంతకన్నా మేలు లేదు. తీసుకోక తప్పకపోతే ఎంత తీసుకున్నారు, నెలకు ఎంత కోత, ఎన్ని నెలల్లో తీరుతుంది అనేవి అంకెలతో రాయాలి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద, తెల్లకాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. ఆ కాగితం మీరు పని మానిన మరుక్షణం పెద్ద అప్పుగా మారి మీ ఇంటికి వస్తుంది.

5. ఇంట్లో ఉంచి వెళ్లవలసినవి

మెల్‌బోర్న్‌లో ఒక తమిళ దంపతులు తమిళనాడుకు చెందిన ఒక వృద్ధురాలిని 2007లో నెల రోజుల టూరిస్టు వీసాపై తీసుకెళ్లి 2015 వరకు ఇంట్లోనే ఉంచి చాకిరీ చేయించారు. చివరకు ఆమె కుప్పకూలినప్పుడు ఆస్పత్రిలో వేరే పేరుతో చేర్పించారు. 2021లో ఆ దంపతులను కోర్టు దోషులుగా తేల్చి జైలుకు పంపింది. మనిషిని గుర్తించే ఆధారాలు కుటుంబం దగ్గర లేకపోతే వెతుకులాట ఎంత కష్టమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కుటుంబ సభ్యులు దాచవలసినవి:
- పాస్‌పోర్టు అన్ని పేజీల ఫొటోలు, వీసా, టికెట్టు, ఒప్పందం.
- యజమాని పూర్తి పేరు, విదేశీ చిరునామా, ఫోను, పనిచేసే కంపెనీ. ఊళ్లోని వారి చిరునామా.
- వెళ్లే మనిషి ఇటీవలి ఫొటో, ఒంటిమీది గుర్తులు, వాడే మందుల చీటీ.
- ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కాగితం. ఈసీఆర్ అనుమతితో వెళ్లేవారికి ఇది తప్పనిసరి. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ ఇస్తుంది.

మరొక ముఖ్యమైన ఏర్పాటు గుర్తుమాట. చాలా ఇళ్లలో యజమాని ఎదుటే స్పీకరులో మాట్లాడనిస్తారు. అందుకే మామూలుగా వినిపించే రెండు వాక్యాలను ముందే అనుకోండి. ఉదాహరణకు “ఆవు ఈనిందా?” అంటే జీతం ఆగింది, “పెద్దమ్మ మోకాలు ఎలా ఉంది?” అంటే వెంటనే ఫిర్యాదు చేయండి. ఫోను రావడం ఆగిపోతే ఎన్ని రోజుల తరువాత ఫిర్యాదు చేయాలో కూడా ముందే నిర్ణయించుకోండి. వారం దాటనివ్వకండి.

6. చేరిన మొదటి నెలలో

మొదటి రోజునే చిరునామా తెలుసుకోండి. బిల్లు మీదో, పార్సిల్ మీదో ఉంటుంది, దానిని ఫొటో తీసి ఇంటికి పంపండి. వాట్సాప్‌లో లొకేషన్ పంపడం ఇంకా సులువు.

చేతిలో ఇమిడే నోటుబుక్కులో రోజూ నాలుగు సంగతులు రాయండి: ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి పడుకున్నారు, సెలవు ఇచ్చారా, అనకూడని మాట గానీ చెయ్యిచేసుకోవడం గానీ జరిగిందా. తెలుగులో రాస్తే చాలు. రాయడం రాకపోతే ప్రతి రాత్రి అర నిమిషం వాయిస్ మెసేజ్ ఇంటికి పంపండి, తేదీ దానంతట అదే నమోదవుతుంది. ఏ రోజుకారోజు రాసిన లెక్కకు ఉన్న విలువ ఆరు నెలల తరువాత గుర్తు చేసుకుని చెప్పిన దానికి ఉండదు.

పాస్‌పోర్టును “జాగ్రత్తగా పెడతాం” అని అడిగితే, “నా దగ్గరే ఉంచుకుంటానండీ, పోతే నా బాధ్యత” అని మర్యాదగా చెప్పండి. భారత పాస్‌పోర్టు 1967 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి, దానిని ఉంచుకునే హక్కు యజమానికి లేదు. అప్పటికే తీసేసుకుని ఉంటే గొడవ పడకండి. ఏ తేదీన, ఎవరు తీసుకున్నారో రాసుకుని, ఇవ్వమని ఒకసారి మెసేజ్ పెట్టండి. ఆ మెసేజే రుజువు.

ఇంకొక పని: ఆ ఇంటికి సంబంధంలేని ఒక్క మనిషినైనా పరిచయం చేసుకోండి. పక్క ఫ్లాట్‌లో పనిచేసే ఆమె, వాచ్‌మన్, గుడికో చర్చికో మసీదుకో వచ్చేవారు ఎవరైనా ఫరవాలేదు. అయితే అక్కడి తెలుగు సంఘం పెద్దలకు మొదట చెప్పుకోవడంలో ప్రమాదం ఉంది. మీ యజమాని కూడా ఆ సంఘంలోనే ఉండవచ్చు, మీ మాట సాయంత్రానికి అతని చెవిన పడవచ్చు.

7. మాట్లాడి చూడవలసిన సందర్భం, ఆగకూడని సందర్భం

జీతం ఒక నెల ఆలస్యమైనా, సెలవు ఇవ్వకపోయినా ముందు రాతపూర్వకంగా అడగండి. మెసేజ్ ఇలా ఉండవచ్చు: “అన్నయ్యగారూ, మార్చి, ఏప్రిల్ నెలల జీతం రాలేదు. నెలకు 110 చొప్పున 220 దినార్లు రావాలి. వచ్చే శుక్రవారంలోగా నా ఖాతాలో వేయండి.” కోపం, కన్నీళ్లు, పాత సంగతులు అందులో కలపకండి. అవును అని జవాబిచ్చినా బకాయి ఒప్పుకున్నట్టే, మౌనంగా ఉన్నా మీరు అడిగినట్టు నమోదైనట్టే.

కింది వాటిలో ఏ ఒక్కటి జరిగినా మాటలతో కాలయాపన చేయకుండా 8వ అంశానికి వెళ్లండి:
- కొట్టడం, లైంగికంగా వేధించడం, తిండి గానీ మందులు గానీ ఆపడం.
- బయట తాళం వేసి వెళ్లడం, ఫోను లాక్కోవడం.
- రెండు నెలలకు మించి జీతం ఆపడం.
- దొంగతనం కేసు పెడతామని, ఊళ్లో మీవాళ్ల సంగతి చూస్తామని బెదిరించడం.

చివరిదాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. అమెరికా చట్టం బలవంతపు చాకిరీని నిర్వచించేటప్పుడు శారీరక హానితోపాటు మానసిక, ఆర్థిక హానిని, పరువుకు కలిగే హానిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఊళ్లో పరువు తీస్తామని భయపెట్టి పని చేయించుకోవడం అక్కడ జైలుకు పంపదగిన నేరం కావచ్చు.

8. బయటపడే క్రమం

ప్రాణానికి ముప్పు ఉంటే ఈ వరుసతో పనిలేదు. కువైట్‌లో 112, ఎమిరేట్స్‌లో, బ్రిటన్‌లో 999, అమెరికాలో 911కు ఫోను చేయండి. ఇంగ్లిషు రాకపోతే “హెల్ప్”, “తెలుగు” అనే రెండు మాటలు, చిరునామా చెప్పినా చాలు.

సమయం ఉంటే ఇలా చేయండి:
1. ఒప్పందం, మెసేజ్‌లు, నోటుబుక్కు ఫొటోలను ఇంటికి పంపి, అందినట్టు నిర్ధారించుకోండి.
2. ఊళ్లోని కుటుంబం విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి ఆ నంబరు మీకు చెప్పాలి.
3. ఎక్కడికి వెళ్లాలో ముందే ఖరారు చేసుకోండి: రాయబార కార్యాలయం, కార్మిక శాఖ, పోలీస్ స్టేషన్. పని ఇప్పిస్తానని రమ్మనే ఏజెంటు దగ్గరికి మాత్రం వద్దు.
4. వెళ్లే ముందు మీ సంచిని తెరిచి, లోపలి వస్తువులను వీడియో తీయండి. వారు బహుమతిగా ఇచ్చిన చీర, ఉంగరం, పాత ఫోను కూడా వదిలేయండి. నగలు పోయాయనే ఆరోపణ ఇటువంటి కేసుల్లో తరచుగా వస్తుంది.
5. చేరిన రోజునే ఫిర్యాదు నమోదు చేయించండి. యజమాని మీరు పారిపోయారని ముందుగా రాయిస్తే ఆ కేసు తీయించడానికి నెలలు పడుతుంది.

పాస్‌పోర్టు చేతిలో లేదని ఆగిపోవద్దు. స్వదేశానికి రావడానికి రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దానినే. వసతికి, టికెట్టుకు డబ్బు లేనివారికి 2009లో ఏర్పాటైన భారత ప్రవాసుల సంక్షేమ నిధి నుంచి సాయం చేస్తారు.

9. ఎక్కడ ఫిర్యాదు చేయాలి

ఏ దేశంలో ఉన్నా: విదేశాంగ శాఖ ప్రవాసీ సహాయ కేంద్రం నంబరు 1800 11 3090, భారత్ నుంచి ఉచితం. హైదరాబాద్‌లోనూ దీని కేంద్రం ఉంది.

కువైట్: మానవ వనరుల ప్రాధికార సంస్థలోని ఇంటిపనివారి విభాగం, భారత రాయబార కార్యాలయం. మహిళలకు వసతి అడగండి.

ఎమిరేట్స్: మానవ వనరుల మంత్రిత్వ శాఖ నంబరు 80084. దుబాయ్‌లోని ప్రవాసీ సహాయ కేంద్రం 800 46342.

అమెరికా: జాతీయ మానవ అక్రమ రవాణా నిరోధక హాట్‌లైన్ 1-888-373-7888. దుబాసీని అడగవచ్చు. వీసా గడువు దాటినా అక్కడి కనీస వేతన చట్టం మీకు వర్తిస్తుంది, అక్రమ రవాణా బాధితులకు టీ వీసా అనే రక్షణ కూడా ఉంది. ఫిర్యాదుకు ముందు ఉచిత న్యాయ సహాయ సంస్థ లాయరుతో మాట్లాడడం మేలు.

బ్రిటన్: ఆధునిక బానిసత్వ హెల్ప్‌లైన్ 08000 121 700.

ఎక్కడైనా ఒక షరతు పెట్టండి: దుబాసీగా యజమాని తరఫు మనిషిని గానీ, అతని స్నేహితుణ్ని గానీ ఒప్పుకోనని చెప్పండి. చదివి వినిపించని వాంగ్మూలం మీద సంతకం చేయకండి.

10. తిరిగి వచ్చాక, బకాయిలు, ఊళ్లో ఒత్తిడి

దేశం విడిచాక జీతం రాబట్టడం కష్టమవుతుంది. వీలైతే అక్కడే కేసు తేలేదాకా ఉండండి. ఉండలేకపోతే విమానం ఎక్కేముందు మీ తరఫున కేసు నడపడానికి రాయబార కార్యాలయానికి గానీ, నమ్మకమైన లాయరుకు గానీ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వడం గురించి అక్కడి అధికారులను అడగండి.

యజమాని భారత పౌరుడైతే ఇక్కడి చట్టం విదేశంలో చేసిన నేరానికీ వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణాకు, 146వ సెక్షన్ బలవంతపు చాకిరీకి సంబంధించినవి. లైసెన్సు లేకుండా పంపిన ఏజెంటుపై 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు పెట్టవచ్చు. మా పరిధి కాదని స్టేషన్‌లో అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని రాతపూర్వకంగా కోరండి. జీతం బకాయికి సివిల్ దావా వేయాలంటే జీతం ఇవ్వవలసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100.

ఈలోగా యజమాని బంధువులు పెద్దమనుషులను వెంటబెట్టుకుని రావడం దాదాపు ఖాయం. పంచాయితీకి కూర్చోవడం తప్పు కాదు, కానీ ఇవి పాటించండి:
- పనిచేసిన మహిళ లేకుండా, ఆమె భర్తతోనో అన్నతోనో మాట్లాడి ముగించనివ్వకండి. డబ్బు ఆమె కష్టానిది.
- నెలలవారీ లెక్క కాగితం ముందుగా వారి చేతిలో పెట్టండి. “ఎంతోకొంత” అనే మాట దగ్గర బేరం మొదలుపెట్టవద్దు.
- పాత అప్పును, జీతం బకాయిని కలిపి కొట్టివేయడానికి ఒప్పుకోకండి. రెండింటికీ వేర్వేరు కాగితాలు రాయించండి.
- డబ్బు ఖాతాలో పడేదాకా “ఏ బాకీ లేదు” అన్న కాగితం మీద సంతకం చేయకండి, కేసు వెనక్కి తీసుకోకండి.
- బెదిరింపు ఫోన్లు వస్తే రికార్డు చేసి, తేదీలతో సహా ఎఫ్‌ఐఆర్ దర్యాప్తు అధికారికి ఇవ్వండి. ఇచ్చినట్టు కాపీ మీద ముద్ర వేయించుకోండి.